కుర్రాడు పోసిన పెగ్గుకి యజమాని బాధ్యత: గోదావరి డెల్టాలోని బార్లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లకు సమగ్ర మార్గదర్శి

"ఆ టైంకి నేను షాపులో లేనండీ. కుర్రాడు పోశాడు, నాకు తెలీదు." ఎక్సైజ్ వాళ్లు వచ్చినప్పుడు యజమాని నోట మొదట వచ్చే మాట ఇదే. ఈ మాట లైసెన్సును కాపాడదు. లైసెన్సు మీ పేరు మీద ఉంది కాబట్టి గ్లాసులో ఎవరు పోసినా మీరు పోసినట్టే లెక్క. అందుకని అసలు ఆలోచించాల్సింది, వద్దని చెప్పాల్సిన చోట మీ కుర్రాడు వద్దని చెప్పగలుగుతున్నాడా అనే.

భీమవరం, తణుకు, పాలకొల్లు, నరసాపురం, అమలాపురం, రావులపాలెం చుట్టుపక్కల బారు, వైన్ షాపు, పర్మిట్ రూమ్ నడిపేవారికి, దిండి వైపు రిసార్టులు, హౌస్‌బోట్లు ఉన్నవారికి, ఫంక్షన్ హాళ్ల యజమానులకు, క్యాటరింగ్ చేసేవారికి ఇది పనికొస్తుంది. చెరువు గట్టు మీది గెస్ట్‌హౌస్‌లో వ్యాపారం కోసం వచ్చినవాళ్లకు మందు పోయించే ఆక్వా రైతులు కూడా చదవాలి. పనివాడి చేత పోయిస్తున్నారంటే మీకూ ఇందులో చాలా వర్తిస్తుంది.

మొదటి అడుగు: మీ మీదికి ఏ దారిలో వస్తుందో తెలుసుకోండి

దారులు మూడు. మూడూ ఒకేసారి కూడా రావచ్చు.

మొదటిది లైసెన్సు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968లోని 31వ సెక్షన్ ఒకసారి లాయరు దగ్గర కూర్చుని చదివించుకోండి. లైసెన్సు షరతును తప్పింది లైసెన్సుదారైనా, అతని పనివాళ్లైనా, అతని తరఫున పనిచేసే మరొకరైనా సరే, లైసెన్సును సస్పెండ్ చేయడానికీ, రద్దు చేయడానికీ అధికారికి వీలుంది. తరఫున పనిచేసేవారికి మీరు నోటితో అనుమతి ఇచ్చి ఉండాలనేమీ లేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నా అనుమతి కిందే తీసుకుంటారు. ఆర్డర్ వేసేముందు మీ సంజాయిషీ అడగాలి, అంతవరకు మీకు రక్షణ ఉంది.

రెండోది క్రిమినల్ కేసు. అదే చట్టంలోని 36వ సెక్షన్ లైసెన్సుదారుకీ, అతని దగ్గర పనిచేసేవారికీ కలిపి రాసినది. వ్యాపారం కంపెనీ పేరున ఉంటే రోజువారీ వ్యవహారం చూసేవారినీ నిందితుల్లో చేరుస్తారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడికి మందు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 77వ సెక్షన్ వర్తిస్తుంది. 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కౌంటర్ దగ్గర ఒక్క క్షణం అశ్రద్ధకి ఇంత ఉంది.

మూడోది నష్టపరిహారం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, మత్తులో ఉన్నవాడికి ఇంకా పోసి పంపిన బారు మీద, తర్వాత అతను కారుతో గుద్దిన మనిషి నేరుగా దావా వేసేందుకు ప్రత్యేక చట్టాలు ఉన్నాయి. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకని నిశ్చింతగా ఉండొచ్చని కొందరు చెబుతుంటారు. అది సరైన సలహా కాదు. పనివాడు పనిలో ఉండగా చేసిన నిర్లక్ష్యానికి యజమాని బాధ్యుడన్న సూత్రం మన కోర్టుల్లో ఎప్పటినుంచో ఉంది. "అలా చేయొద్దని ముందే చెప్పాను" అన్నంత మాత్రాన తప్పించుకోలేం. మీరు అప్పగించిన పనినే అతను తప్పు పద్ధతిలో చేశాడా, లేక మీ వ్యాపారంతో సంబంధం లేకుండా సొంతానికి ఏదో చేసుకున్నాడా అన్నది కోర్టు చూస్తుంది. బేరర్ మీ టేబుల్ దగ్గర, మీ సీసాలోంచి, మీ బిల్లు మీద పోశాడంటే అది మీ పనే.

రెండో అడుగు: లైసెన్సు కాగితాన్ని, మీ స్థలాన్ని పక్కపక్కన పెట్టి చూడండి

చాలామంది లైసెన్సును అద్దం కట్టించి గోడకు తగిలిస్తారు, చదవరు. అందులో ఏ స్థలం, ఏ హద్దులు, ఏ వేళలు, ఎలాంటి అమ్మకం అన్నవి ఉంటాయి. ఆ కాగితం జిరాక్స్ పట్టుకుని బారంతా ఒకసారి తిరగండి. పార్కింగ్‌లో కార్ల దగ్గరికి గ్లాసులు వెళ్తున్నాయా? వెనక కొబ్బరి చెట్ల కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఎవరు వేశారు? సీసాగా అమ్మే లైసెన్సు మాత్రమే ఉండి, పక్కనున్న కూల్‌డ్రింక్ షాపులో సిట్టింగ్ నడుస్తోందా? హద్దు దాటిన ప్రతిచోటా మీ కుర్రాడు మీ పేరు మీద తప్పు చేస్తున్నట్టే.

ఫంక్షన్ హాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. రిసెప్షన్‌కి పెళ్లివారే మందు తెచ్చుకున్నారు, మనకేం సంబంధం అనుకుంటారు. హాలు మీది, ఐస్ మీది, గ్లాసులు కడిగి అందించేది మీ కుర్రాళ్లు. ఈవెంట్ పర్మిట్ ఎవరి పేరున తీశారో ఆ కాగితం కళ్లారా చూసి, కాపీ ఫైల్లో పెట్టుకున్నాకే తలుపు తీయండి. పర్మిట్ లేకపోతే భోజనాల వరకే అని బుకింగ్ రోజే రాయించి సంతకం తీసుకోండి. పెళ్లి రోజు సాయంత్రం పెళ్లికొడుకు మేనమామతో గొడవ పడటం ఎవరివల్లా కాదు.

పనివాళ్లంటే జీతం రిజిస్టర్లో ఉన్నవాళ్లే అనుకోవద్దు. సంక్రాంతి మూడు రోజులకు రోజుకూలీ మీద తెచ్చిన కుర్రాళ్లు, కాంట్రాక్టర్ పంపినవాళ్లు, మీరు భోజనానికి వెళ్తే కౌంటర్‌లో కూర్చునే బావమరిది, అందరూ మీ తరఫున ఉన్నవాళ్లే. పండగ మూడు రోజుల్లోనే రద్దీ, డబ్బు, మొహమాటం అన్నీ ఒక్కసారి పైన పడతాయి. ఆ మూడు రోజులు పాత, నమ్మకస్తుడైన మనిషి ఒకరు ప్రతి షిఫ్టులో ఉండాలి. కోడిపందేల బరి పక్కన స్టాల్ పెట్టుకోండని ఎవరైనా మీ కుర్రాడికి ఆశ చూపితే, మీ సరుకు ఒక్క సీసా కూడా అటు వెళ్లకూడదని ముందే గట్టిగా చెప్పండి.

మూడో అడుగు: వయసు

ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండాలి. పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కిందిది, అక్కడ 18. కాబట్టి "నిన్న యానాంలో ఇచ్చారు కదా" అనే కుర్రవాడు మీకు కచ్చితంగా తగులుతాడు. ఏ ఒడ్డున నిలబడి అమ్ముతున్నామో ఆ ఒడ్డు చట్టమే వర్తిస్తుంది.

పాతికేళ్లలోపు అనిపించిన ప్రతి ఒక్కరినీ కార్డు అడగాలని నియమం పెట్టండి. 21 అనిపిస్తే అడగడం కాదు, 25 అనిపించినా అడగాలి. అంచనా ఎవరికైనా తప్పుతుంది. ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ చూడాలి, పుట్టిన తేదీని ఇవాళ్టి తేదీతో లెక్కేయాలి. కౌంటర్ వెనక ఒక బోర్డు మీద "ఈ తేదీ తర్వాత పుట్టినవారికి అమ్మం" అని రోజూ తేదీ మార్చి రాస్తే లెక్క కూడా అక్కర్లేదు. ఆ బోర్డు కుర్రాడికి అండగా ఉంటుంది. "నేను కాదండీ, బోర్డు చూడండి" అనగలడు.

ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు గుంపుగా వచ్చినప్పుడు ఒక్కడి కార్డు చూసి ఆరుగురికి పోసేయడం మామూలుగా జరిగే తప్పు. కార్డు లేనివాడికి కూల్‌డ్రింక్. టేబుల్ మీద గ్లాసులు చేతులు మారుతుంటే ఆ టేబుల్‌కి మందు ఆపేయాలి.

"నాన్న తెమ్మన్నాడు" అని పన్నెండేళ్ల పిల్లవాడు డబ్బుతో వస్తాడు. వాళ్ల నాన్న మీకు బాగా తెలిసినవాడే, రోజూ వచ్చేవాడే. అయినా ఇవ్వకూడదు. పిల్లల చేత మందు మోయించడం, అమ్మించడం కూడా అదే జువెనైల్ జస్టిస్ చట్టంలోని 78వ సెక్షన్ కింద నేరం, శిక్ష కూడా 77కి ఉన్నంతే. మీ దగ్గర గ్లాసులు తీసే, బల్లలు తుడిచే పనికి కూడా చిన్నపిల్లల్ని పెట్టొద్దు. ఊళ్లో వాళ్లమ్మ వచ్చి బతిమాలినా పెట్టొద్దు. ఆ ఇంటికి సాయం చేయాలనిపిస్తే వేరే మార్గంలో చేయండి.

నాలుగో అడుగు: ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి

ఈ అడుగు దగ్గర నిదానంగా ఆగండి. మనుషులు పోయేది ఇక్కడే.

ముందు లెక్క. లేబుల్ మీద 42.8 శాతం అని ఉన్న విస్కీ గానీ బ్రాందీ గానీ 30 ఎంఎల్ పోస్తే అందులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 ఎంఎల్ లార్జ్ అంటే 20. ఎనిమిది శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 ఎంఎల్ సీసా అంటే సుమారు 40 గ్రాములు, అంటే నాలుగు చిన్న పెగ్గులు. "బీరే కదండీ" అనే మాట మీ కుర్రాళ్ల నోట రాకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. అరవై కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఒక్క లార్జ్ గబగబా తాగితేనే అది దాటొచ్చు. శరీరం గంటకు ఏడు నుంచి పది గ్రాములే ఖర్చు చేస్తుంది. మూడు లార్జ్‌లు తాగినవాడికి తేరుకోవడానికి ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మజ్జిగ, నిమ్మకాయ సోడా, కాఫీ, చన్నీళ్లు, ఏవీ ఆ సమయాన్ని తగ్గించవు. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు డ్రైవర్‌కే పడతాయి, నిజమే. కానీ మన డెల్టాలో ఇంటికెళ్లే దారి కాలువ గట్టు మీదుగా ఉంటుంది. చాలాచోట్ల గోడ లేదు, లైటు లేదు, ఎదురుగా రొయ్యల వ్యాన్. ఆ మనిషి మీ బిల్లు జేబులో పెట్టుకుని కాలువలో పడితే, విచారణ మీ టేబుల్ దగ్గర మొదలవుతుంది.

బిల్లు మీద పెగ్గుల లెక్కతో పాటు కూర్చున్న టైము కూడా రాయించండి. గంటకు రెండు లార్జ్‌లు దాటితే బేరర్ సూపర్‌వైజర్‌కి చెప్పాలి. లెక్కతో సంబంధం లేకుండా చూడాల్సినవి కూడా ఉన్నాయి. మాట ముద్దగా రావడం, చెప్పిందే చెప్పడం, డబ్బు లెక్క తప్పడం, గ్లాసు అందుకోలేకపోవడం, పక్క టేబుల్ మీదికి గొంతు లేవడం. ముఖ్యంగా అప్పటికే వేరేచోట తాగి వచ్చినవాడు. "మన దగ్గర ఇది మొదటి పెగ్గే" అనేది సమాధానం కాదు, తూలుతూ లోపలికి వచ్చినవాడికి మొదటి పెగ్గు కూడా పోయకూడదు.

వద్దని చెప్పడంలో మన ప్రాంతపు మర్యాద పనికొస్తుంది. నలుగురిలో "మీకు ఎక్కువైంది" అంటే గొడవ ఖాయం. కుర్రాళ్లకు ఈ మాటలు నేర్పించండి:

"గురువు గారూ, చేపల పులుసు వేడిగా ఉంది, భోజనం వడ్డించేయమంటారా?"

"రాజు గారూ, ఇవాళ్టికి మీ టేబుల్ కట్టేశామండీ. ఆటో పిలిచేశాను, మన సుబ్బారావే వస్తున్నాడు."

పక్కన వచ్చిన స్నేహితుడిని పక్కకు పిలిచి, "బాబూ, ఆయన్ని మీరే దింపాలండీ, బండి ఇక్కడే ఉంచుదాం, పొద్దున్నే పట్టుకెళ్లొచ్చు" అనడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. నమ్మకమైన ఆటోవాళ్ల నంబర్లు కౌంటర్ మీద అతికించండి. రాత్రికి బండి ఉంచుకునే చోటు ఉందని, దానికి డబ్బులేమీ అక్కర్లేదని గోడ మీద రాయండి. తాళాలు బలవంతంగా లాక్కోవద్దు, చేతులు కలిసే దాకా వెళ్తుంది. వినకుండా బండి తీస్తే 112కి ఫోన్ చేయాలి. ఖాతాదారుడు కదా అని మొహమాటపడొద్దు.

నిద్రపోతున్నాడులే అని ఎవరినీ మూలన వదిలేయకండి. తట్టినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిగా, ఆగి ఆగి వస్తుంటే, ఒళ్లు చల్లబడితే అది నిద్ర కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి, వచ్చేదాకా ఒక మనిషి పక్కన ఉండాలి. తల ఎక్కడైనా తగిలిందా అని చూడాలి. తలకు దెబ్బ తగిలినవాడిని తాగి పడున్నాడనుకోవడం వల్ల ప్రాణాలు పోతాయి.

ఇవన్నీ నేర్పాక కూడా కుర్రాడు పోస్తాడు. ఎందుకంటే టేబుల్ లేచిపోతే రేపు మీరు తిడతారని భయం, టిప్పు పోతుందని బాధ. కాబట్టి రెండు పనులు చేయండి. మందు అమ్మకం మీద బేరర్‌కి టార్గెట్, కమిషన్ తీసేయండి, కావాలంటే భోజనం బిల్లు మీద ఇవ్వండి. రెండు, కుర్రాడు ఆపాక యజమాని వచ్చి "పెద్దమనిషి లేరా, ఒకటి పొయ్యి" అనకూడదు. ఒక్కసారి అలా అన్నారంటే మీరు రాయించిన రూల్స్ అన్నీ పోయినట్టే. రేపు కోర్టులో ఆ కుర్రాడే మీకు ఎదురు సాక్షి అవుతాడు, అతను చెప్పేది నిజం కూడా.

ఐదో అడుగు: సీసా ఎక్కడిది?

ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే యానాం. అక్కడి పన్ను వేరు, ధర వేరు. అక్కడి సీసా పుదుచ్చేరిలో అమ్మకానికే, మన రాష్ట్రపు సుంకం దానిమీద కట్టి ఉండదు. బారు సూపర్‌వైజర్ బైకు డిక్కీలో నాలుగు ఫుల్స్ తెచ్చి, ఖాళీ అయిన మీ సీసాల్లోకి వంపి పెగ్గులుగా అమ్మేసి తేడా జేబులో వేసుకోవడం చాలా తేలిక. లాభం అతనిది, కేసు మీ ఇద్దరిదీ. మిలిటరీ క్యాంటీన్ సరుకు, ఖరీదైన సీసాలో చవకరకం నింపడం, నీళ్లు కలపడం, ఇవన్నీ ఇదే కోవలోవి. మందు కూడా ఆహార భద్రత చట్టం కిందికి వస్తుంది. కల్తీ అయితే ఎక్సైజ్‌తో పాటు ఆ చట్టం కింద కూడా సమాధానం చెప్పుకోవాలి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకోగలిగితే ఆ చట్టంలో రక్షణ ఉంది, రుజువు కాగితం మీద ఉండాలి.

చేయాల్సింది ఇది. సరుకు దిగగానే ఇన్వాయిస్‌తో పోల్చి, మూత మీది ఎక్సైజ్ లేబుల్‌ను స్కాన్ చేసి లోపల పెట్టాలి. ఖాళీ సీసాలను రాత్రికే లెక్కించి, లేబుల్ చింపి, పగలగొట్టి గానీ తూకానికి గానీ పంపాలి. వారానికి ఒకరోజు, ఏ రోజో చెప్పకుండా, ఓపెన్ చేసిన సీసాల్లో మిగిలినది కొలిచి బిల్లులతో సరిచూడాలి. అమ్మిన పెగ్గుల కంటే సీసాలు తక్కువ ఖర్చయితే లాభమని సంతోషించకండి. బయటి సరుకు కలుస్తోందనో, కొలత తగ్గించి పోస్తున్నారనో అర్థం.

వైన్ షాపు వాళ్లకు బెల్టు షాపు బెడద. సేల్స్‌మన్ ఒకేసారి పెట్టెలకు పెట్టెలు ఒకే మనిషికి వేస్తుంటే, అవి ఏ ఊరి కిళ్లీ కొట్టుకి వెళ్తున్నాయో మీకు తెలియదనడం ఎవరూ నమ్మరు. ఎమ్మార్పీ మీద పది రూపాయలు ఎక్కువ లాగే సేల్స్‌మన్ సంగతీ అంతే.

వేళలు, డ్రై డేలు

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. మూసే టైముకి అరగంట ముందు చివరి ఆర్డర్. షట్టర్ దించాక కిటికీలోంచి, వెనక తలుపులోంచి ఒక్క క్వార్టర్ కూడా వెళ్లకూడదు. స్టాకు గది తాళం ఎవరి దగ్గరుందో రాత్రి రాసుకోవాలి. గాంధీ జయంతి లాంటివి అందరికీ గుర్తుంటాయి. ఎన్నికలప్పుడు తప్పుతారు: ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135సి సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు హోటల్‌లో గానీ, ఇంకెక్కడైనా గానీ మందు అమ్మకూడదు, పంచకూడదు. ఊరికే ఇవ్వడం కూడా ఇందులో ఉంది. రిసార్టులో పార్టీ బుక్ చేసినవాళ్లకు ఈ విషయం ముందే చెప్పాలి.

ఆరో అడుగు: కాగితం

ప్రతి కుర్రాడికీ తెలుగులో ఒక పేజీ రాసివ్వండి. 21 లోపు వద్దు, తూలేవాడికి వద్దు, హద్దు బయట వద్దు, వేళ దాటాక వద్దు, బయటి సీసా వద్దు. ఆపినందుకు ఉద్యోగం పోదు, జీతం కోయం అని కూడా అందులో ఉండాలి, యజమాని సంతకంతో. చదువు రానివాడికి చదివి వినిపించి, వినిపించినవాడి సంతకం కూడా తీసుకోండి. మూడు నెలలకోసారి అరగంట కూర్చోబెట్టి మళ్లీ చెప్పి, తేదీ వేసి రిజిస్టర్లో సంతకాలు తీసుకోండి.

అన్నిటికన్నా విలువైనది "పోయలేదు" పుస్తకం. తేదీ, టైము, ఎందుకు ఆపామో ఒక్క లైను. ఖాతాదారు పేరు అక్కర్లేదు. నెలంతా ఖాళీగా ఉన్న పుస్తకం అధికారికి అనుమానం తెప్పిస్తుంది. కాబట్టి కుర్రాళ్లు నిజంగా రాస్తున్నారో లేదో మీరే చూడాలి. సీసీ కెమెరా కౌంటర్ మీద, గుమ్మం మీద, వెనక తలుపు మీద ఉండాలి. రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుందో తెలుసుకోండి. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి కెమెరా వ్యవహారం ఎవరు చూస్తున్నారో ఒక పేరు రాసి ఉంచండి.

మీ మీద పడిన జరిమానాను కుర్రాడి జీతంలోంచి లాగేయడం కుదరదు. వేతనాల చట్టం ప్రకారం ఒక జీత కాలంలో వేసే జరిమానా జీతంలో 3 శాతం మించకూడదు. ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉన్నవారు పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి, చట్టవిరుద్ధంగా చేసిన అమ్మకానికి కవర్ ఉందో లేదో ఏజెంట్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఏడో అడుగు: తప్పు జరిగిపోయాక

ముందు దెబ్బతిన్న మనిషి సంగతి చూడాలి, తర్వాతే మిగతావి. ఆసుపత్రికి మీ మనిషిని పంపండి. ఆరోజు ఫుటేజీ ఆ రాత్రే కాపీ చేయించి పెట్టండి, మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే. చెరిపితే అది మరో నేరం అవుతుంది. బిల్లులు, స్టాకు పుస్తకం, "పోయలేదు" పుస్తకం ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. రాత్రికి రాత్రి కొత్త పేజీలు రాస్తే సిరా రంగే పట్టిస్తుంది.

కుర్రాడిని ఊరికి పంపేసి ఫోన్ ఆఫ్ చేయించడం చాలామంది ఇచ్చే సలహా. వినకండి. పారిపోయినవాడి వల్ల మీ కథ అబద్ధంలా కనిపిస్తుంది, అతని బతుకు పాడవుతుంది. అతనికీ లాయరు కావాలి. మీ వాదన, అతని వాదన ఎదురెదురుగా ఉంటే ఇద్దరికీ ఒకే లాయరు పెట్టకూడదు. ఖాళీ కాగితం మీద అతని సంతకం తీసుకోవద్దు, మీరూ చదవకుండా పంచనామా మీద పెట్టొద్దు.

షోకాజ్ నోటీసు వస్తే దాన్ని అందుకున్న తేదీ కవరు మీద రాసుకుని, ఇచ్చిన గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆరోపణ ఒక్కొక్కటిగా తీసుకుని, దేనికి ఏ కాగితం ఉందో జత చేయాలి. కుర్రాడికి ఇచ్చిన పేజీ, ట్రైనింగ్ సంతకాలు, పుస్తకం, ఆ రాత్రి పిలిచిన ఆటో కాల్ వివరం. కొన్ని నేరాలను కాంపౌండింగ్ ఫీజు కట్టి ముగించుకునే వీలు ఎక్సైజ్ చట్టంలో ఉంది. తొందరగా తేలిపోతుందని వెంటనే ఒప్పుకోకుండా, అది మీ రికార్డులో ఎలా నిలుస్తుందో, లైసెన్సు రెన్యువల్‌కి అడ్డమవుతుందో లేదో లాయరుని అడిగాకే కట్టండి. లైసెన్సు సస్పెండ్ అయితే ఆర్డర్ కాపీ తీసుకుని అప్పీలు గడువు ఎంతో అదే రోజు తెలుసుకోవాలి, సస్పెన్షన్ తీరేదాకా షట్టర్ వెనక ఒక్క గ్లాసు కూడా కదలకూడదు.